సంచి తగిలించుకొని కొల్లేటికి

పిల్లలూ! అరవై ఎనిమిదేళ్ళ తాత ఒకాయన వీపుకు ఇంత పెద్ద సంచి తగిలించుకొని, నెత్తిన టోపీ పెట్టుకొని రైలు దిగితే మీకు నవ్వు వస్తుందా, రాదా? కిందటి సంక్రాంతి వెళ్ళాక నేను తాడేపల్లిగూడెం స్టేషనులో దిగినప్పుడు, అక్కడ రైలు కోసం నిలబడిన ఇద్దరు కుర్రాళ్ళకు వచ్చింది.

"తాతగారూ, హిమాలయాలకా?" అన్నాడు ఒకడు.

"కాదు నాయనా, కొల్లేటికి," అన్నాను.

"కొల్లేటికి ఇంత సంచి ఎందుకండీ?" అన్నాడు రెండోవాడు.

ఆ సంగతి అక్కడ నిలబడి చెబితే వాళ్ళ రైలు వెళ్ళిపోయేది. మీకు తీరిక ఉన్నది గనక మీకు చెబుతాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, అంటే 1966లో, సంక్రాంతికి మా మేనమామగారి ఊరు వెళ్ళాము. అది కొల్లేటిలో ఒక లంక. లంక అంటే చుట్టూ నీరు, మధ్య ఊరు. పడవ మీద తప్ప వెళ్ళడానికి వీలులేదు. ఆ ఊరి చింతచెట్ల మీదా, తాడిచెట్ల మీదా గూడబాతులు గూళ్ళు పెట్టుకునేవి. మీలో కొందరు గూడబాతును చూసి ఉండరు. పెద్ద పక్షి. రెక్కలు చాస్తే ఈ కొన నుంచి ఆ కొనకు ఏడెనిమిది అడుగులు ఉంటుంది. పొడుగాటి ముక్కు, ఆ ముక్కు కింద గొంతు దాకా వేలాడే తోలుసంచి. పూర్వం పొలానికి నీళ్ళు తోడడానికి ఇద్దరు మనుషులు చెరొక వైపు తాళ్ళు పట్టుకొని గూడ వేసేవారు. ఈ పక్షి నీళ్ళలో ముక్కు ముంచి లేపడం చూస్తే, దానికి ఆ పేరు ఎంత సరిపోయిందో తెలుస్తుంది.

ఒకనాటి పొద్దున చింతచెట్టు కింద గూడబాతు పిల్ల ఒకటి పడి ఉన్నది. ఒంటినిండా తెల్లటి నూగు. రెక్కలింకా రాలేదు. కళ్ళు మాత్రం పెద్దవి. "గూట్లో పెట్టెయ్యి మామయ్యా," అన్నాను. మామయ్య తల ఎత్తి చూసి, "అంత ఎత్తున ఎవరెక్కుతారురా? కింద పడిన పిల్లను తల్లి దిగివచ్చి మేపదు," అన్నాడు. "అయితే నేనే పెంచుతాను," అన్నాను. తొమ్మిదేళ్ళవాడికి అంతకంటె సులువైన పని కనబడదు.

దాన్ని గంప కింద పెట్టాను. నేనూ, మా మామయ్య కొడుకులూ తువ్వాలుతో కాలవలో చిన్న చేపలు పట్టి తెచ్చేవాళ్ళం. ముందు వేసిన చేపలను అది ముట్టుకోనేలేదు. చేప నా గుప్పిట్లో ఉంటే మాత్రం, గుప్పిట్లోకి ముక్కు దూర్చి తీసుకునేది. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. నాలుగు రోజులు అలాగే మేపాను. దాని ఆకలికి అంతు లేదు. అయిదో రోజున పక్క లంకలో బుర్రకథ అన్నారు. అందరితో పాటు నేనూ పడవ ఎక్కాను. రాత్రి అక్కడే పడుకొని, మర్నాడు మధ్యాహ్నానికి తిరిగివచ్చి గంప ఎత్తి చూస్తే, పిల్ల చచ్చిపోయి ఉన్నది.

మామయ్య ఏమీ అనలేదు. అత్తయ్య నా తల నిమిరి, "అమ్మా నాన్నా ఇద్దరూ కలిసి మేపితేగాని బతకని పిల్లరా అది. నువ్వొక్కడివీ ఏం చేస్తావు?" అన్నది. నన్ను ఓదార్చడానికే అన్నది పాపం. నేను మరింత ఏడ్చాను. ఎంచేతనంటే, నేను బుర్రకథకు వెళ్ళినట్టు నాకు తెలుసు.

తరవాత చదువులూ, ఉద్యోగమూ వచ్చి పడ్డాయి. 1979లో మళ్ళీ ఆ లంకకు వెళితే చెట్లున్నవి, గూళ్ళు లేవు. మళ్ళీ ఎక్కడైనా గూడబాతు తన పిల్లను మేపుతుండగా చూడాలనీ, దాన్ని ఫోటో తీయాలనీ నా కోరిక. నా సంచిలో ఉన్నది కెమెరా, దాని పొడుగాటి గొట్టం, దాన్ని నిలబెట్టే ముక్కాలి పీట. మూడు రోజులకు బట్టలు కూడా.

ఇక తాడేపల్లిగూడెంలో ఎందుకు దిగానంటే, మా మనుమరాలు అక్కడికి దగ్గరలోని వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయంలో చదువుతున్నది. నా చిన్నప్పుడు తాడేపల్లిగూడెమంటే బియ్యం మిల్లులూ, బెల్లమూ, రెండో ప్రపంచ యుద్ధంనాటి విమానాలు దిగే బాటా. ఇప్పుడది చదువుల ఊరు. 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. 2015లో నిట్ అనే పెద్ద ఇంజనీరింగు సంస్థ వచ్చింది. వీపున సంచి తగిలించుకొని తిరిగే పిల్లలు ఎటు చూసినా కనబడ్డారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి అయిపోయాను. తేడా అల్లా, వాళ్ళ సంచుల్లో పుస్తకాలున్నాయి.

మనుమరాలు నన్ను తోటలన్నీ తిప్పింది. అక్కడంతా ఎర్రనేల, మెరక. కొబ్బరిచెట్ల నీడన కోకో మొక్కలు పెంచుతారు. మీరు తినే చాకొలెట్టు ఆ కోకో గింజల నుంచే వస్తుంది. కాయ చెట్టు కొమ్మ చివర కాయదు. మానుకే అతుక్కొని కాస్తుంది! కొల్లేరు పల్లపు ప్రాంతం, ఇది మెరక. రెండూ ఒకే సీమలో ఉన్నాయంటే నమ్మబుద్ధి కాదు.

సాయంకాలం మనుమరాలు ఒక సంగతి చెప్పింది. నా కోసం పుస్తకాలు వెతికి పెట్టిందట.

"తాతయ్యా, కొల్లేటి గూడబాతుల గురించి మొదట లోకానికి చెప్పినది ఎవరో తెలుసా? కె. కె. నీలకంఠన్ అని కేరళ ఆయన. ఇంగ్లీషు పాఠాలు చెప్పే మేష్టరు. 1946లో ఆయన కొల్లేటి ప్రాంతంలో ఈ గూళ్ళను కనిపెట్టాడు. సుమారు మూడువేల పక్షులున్నాయట."

"ఆయన వయసెంత అప్పుడు?"

"ఇరవై మూడు."

చూశారా! నీలకంఠన్ దాన్ని గురించి రాసినది 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారి పత్రికలో అచ్చయింది. ఆ తరవాత ఆయన ఇందుచూడన్ అనే పేరుతో కేరళ పక్షుల గురించి మలయాళంలో పుస్తకం రాశాడు. అది 1958లో వచ్చింది. కాని ఆయన కనిపెట్టిన ఆ గూళ్ళ గుంపు 1975 ప్రాంతానికి మాయమైపోయింది. ముప్ఫై ఏళ్ళు కూడా నిలవలేదు. 1979లో నేను చూసిన ఖాళీ చెట్లు అప్పుడు నా కళ్ళకు కట్టాయి.

"మరి ఇప్పుడు లేవా?" అన్నాను భయంగా.

"ఉన్నాయి తాతయ్యా! ఆటపాకలో వందలకొద్దీ ఉన్నాయి. రేపు ఆదివారమేగా, నేనూ వస్తాను," అన్నది.

తెల్లవారకముందే బయలుదేరాము. తాడేపల్లిగూడెం నుంచి భీమవరానికి బస్సు, భీమవరం నుంచి కైకలూరుకు రైలు. ఆకివీడు దాటాక రైలు ఉప్పుటేరు మీదుగా వెళ్ళింది. కొల్లేటి నీళ్ళు సముద్రానికి చేరే దారి అదే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లు తెచ్చే నీళ్ళన్నీ కొల్లేటిలో కలుస్తాయి. ఒకవైపు కృష్ణ డెల్టా, మరొకవైపు గోదావరి డెల్టా, నడుమ పళ్ళెంలాటి పల్లం, అదే కొల్లేరు.

పళ్ళెం అని ఊరికే అనలేదు. మీరు ఇంట్లో ఒక వెడల్పాటి పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి చూడండి. ఇంకాస్త పోస్తే లోతు కొంచెమే పెరుగుతుంది, వెడల్పు మాత్రం ఎంతో పెరుగుతుంది. కొల్లేరూ అంతే. సముద్రమట్టానికి మూడడుగుల ఎత్తున నీరుంటే సరస్సు 135 చదరపు కిలోమీటర్లు. అయిదడుగులైతే 308. పదడుగులకు చేరిందా, 901! అంచేత కొల్లేరు ఎంత పెద్దదని ఎవరైనా అడిగితే, "ఎప్పుడు?" అని మీరు ఎదురు ప్రశ్న వేయవచ్చు.

ఆటపాక కైకలూరుకు పక్కనే ఉన్నది. టిక్కెట్టు కొనుక్కొని లోపలికి వెళితే పక్షుల మ్యూజియం ఉన్నది. అది వానపడితే చూడదగ్గది. మేము తిన్నగా పడవ దగ్గరికే వెళ్ళాము. మాతో పాటు ఒక కుటుంబం కూడా ఎక్కింది. పడవ కదలగానే వాళ్ళ అబ్బాయి లేచి, "అవిగో సైబీరియా పక్షులు!" అని కేక వేశాడు.

పిల్లలూ, ఈ మాట మీరూ వినే ఉంటారు. మన దేశంలో పెద్ద పక్షి ఏది కనబడినా దానికి సైబీరియా అంటగట్టడం ఒక అలవాటయింది. గూడబాతు ముమ్మాటికీ మనదే. మన దేశం, శ్రీలంక, కంబోడియా వంటి చోట్ల తప్ప అది గూడు పెట్టదు. దాని పక్కనే ఉండే ఎర్రకాళ్ళ కొంగ కూడా మన పక్షే. చలికాలంలో ఉత్తరపు చలిదేశాల నుంచి నిజంగా ఎగిరివచ్చేవి సూదితోక బాతులలాటి చిన్నపక్షులు. దూరం నుంచి వచ్చిన ఆ చుట్టాలు అరచేతిలో పట్టేటంత ఉండి, ఇంటివాళ్ళు ఇంతింత ఉండేసరికి మనవాళ్ళు తారుమారు చేసేశారు. (అరచేయి అన్నది అతిశయోక్తి లెండి. బాతు బాతంతే ఉంటుంది.)

గూళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి నేను నివ్వెరపోయాను. నీళ్ళ మధ్య చచ్చిపోయి నిలబడిన చెట్లు. వాటి పక్కన ఇనుప స్తంభాలు, వాటి మీద ఇనుప పందిళ్ళు. ఆ పందిళ్ళ మీద గూడబాతులు పుల్లలు పేర్చి గూళ్ళు కట్టుకున్నాయి! చింతచెట్టు కోసం చూస్తున్న నా కళ్ళకు ఆ ఇనుము నచ్చలేదు. ఆ మాటే పైకి అన్నాను.

మనుమరాలు నవ్వి, "మేము చదివే పాఠమే ఇది," అన్నది. "చెట్టు వేళ్ళు కూడా ఊపిరి పీలుస్తాయి తాతయ్యా. ఏడాది పొడుగునా నీళ్ళు నిలవుంటే వేళ్ళకు గాలి అందదు. పైగా వందల పక్షుల రెట్ట. రెట్ట మంచి ఎరువే, కాని ఎరువు మితిమీరితే మొక్క మాడిపోతుంది. అందుచేత చెట్లు చచ్చాయి. మళ్ళీ మొక్క నాటి, అది ఇంత గూడు మోసేటంత ఎదగడానికి ఎన్నేళ్ళు కావాలి? అంతదాకా పక్షులు ఆగవుగా. అటవీశాఖవాళ్ళు ఇనుపవి పెట్టారు."

"మొదట్లో ఇవి కూర్చుంటాయా అనుకున్నామండి," అన్నాడు పడవ నడిపే ఆయన. "కూర్చున్నాయండి. వాటికేం పట్టింపు లేదండి. నీళ్ళుండాలి, చేప ఉండాలి, మనిషి రాయి విసరకూడదు, అంతేనండి."

ఆయనకు నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళది కొల్లేటి లంకే. మాటల్లో తన సంగతి చెప్పాడు. 1970లలో ప్రభుత్వంవారే జాలర్ల సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చారు. వాటిలో వాళ్ళ నాన్నకూ వాటా ఉండేదిట. లాభం కనబడేసరికి డబ్బున్నవాళ్ళు దిగారు. సరస్సంతా గట్లూ చెరువులూ అయిపోయింది. నీరు పారే దారి మూసుకుపోయి, వానాకాలంలో ఊళ్ళు మునగసాగాయి. పక్షులు నిలబడి మేసే పల్చటి నీళ్ళు కరువయ్యాయి. 1999లో కొల్లేటిని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. రామ్‌సర్ అనేది ఇరాన్ దేశంలో ఒక ఊరు. లోకంలోని చిత్తడినేలలను కాపాడుకోవాలని 1971లో అక్కడ కొన్ని దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 2006లో అయిదడుగుల మట్టం లోపల ఉన్న చెరువుల గట్లను ప్రభుత్వంవారు యంత్రాలతో కొట్టించారు.

"ఆ రోజున మా నాన్న గట్టు మీదే కూర్చున్నాడండి," అన్నాడు పడవాయన. "యంత్రం దగ్గరికొచ్చేదాకా లేవలేదండి. మాకున్న వాటా ఎంతండి? పెద్ద చెరువులవాళ్ళతో పాటు మాదీ పోయింది."

"మరి నువ్వు ఇప్పుడు ఈ పక్షులనే చూపిస్తున్నావే, కోపం రాదా?" అని అడిగాడు, సైబీరియా అబ్బాయి. వాళ్ళమ్మ వాడి చేయి గిల్లింది. అయినా అడగవలసిన ప్రశ్నే అది.

పడవాయన తెడ్డు ఆపి కాసేపు ఆలోచించాడు. "పక్షి మీద కోపమెందుకు బాబూ? అది మా తాత నాటి నుంచీ ఉన్నదే. మా నాన్నకైతే ఇప్పటికీ బాధేనండి," అన్నాడు. సరస్సు బతకాలనే వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అయినా గట్టు మీద కూర్చున్న ఆ ముసలాయనకు నేనైతే ఏం చెప్పేవాణ్ణో నాకు తోచలేదు.

ఇంతలో మనుమరాలు నా మోచేయి పట్టి లాగింది. ఎదురుగా ఉన్న ఇనుప పందిరి మీద ఒక గూట్లో, తెల్లటి నూగుతో రెండు పిల్లలు! అచ్చంగా నా గంప కింది పిల్లలాగే ఉన్నాయి. ముక్కాలి పీట పడవలో నిలవదని పడవాయన చెప్పడంతో కెమెరాను సంచి మీదే ఆనించి, ఊపిరి బిగబట్టాను.

ఒక పెద్దపక్షి గూటి అంచున కూర్చుని ఉన్నది. దాని పై ముక్కు పొడుగునా ఎవరో సిరాచుక్కలు వేసినట్టు మచ్చలున్నవి. పిల్ల ఒకటి రెక్కలు కొట్టుకుంటూ దాని మీద పడింది. పెద్దది నోరు తెరిచింది. పిల్ల ఆ నోట్లోకి ముక్కు, ఆపైన తల, ఆపైన మెడ కూడా దూర్చేసింది! లోపల సంచి ఇటూ అటూ ఉబికింది. చూసేవాళ్ళకు పెద్దది పిల్లను మింగేస్తున్నదేమో అనిపిస్తుంది. నిజానికి అది మేత. అమ్మ అయినా, నాన్న అయినా చేపను మింగి, గూటికి తెచ్చి, మళ్ళీ గొంతులోకి రప్పిస్తుంది. పిల్ల లోపలికి దూరి తినాలి. అది పుట్టుకతో నేర్చిన పద్ధతి. ఆనాడు నేల మీద వేసిన చేపను ముట్టుకోకుండా నా గుప్పిట్లోకి ముక్కెందుకు దూర్చిందో, దాదాపు అరవై ఏళ్ళ తరవాత నాకు అర్థమయింది. నా గుప్పిటను అది గొంతు అనుకున్నది.

గుడ్డు పిల్ల కావడానికి నెల రోజులు పడుతుంది. ఆ తరవాత పిల్ల ఎగరడానికి మరి మూడు నాలుగు నెలలు. అన్ని రోజులూ ఇదే పని. ఒకటి గూటి దగ్గర కాపలా, మరొకటి మేతకు.

పడవ తిరిగే వేళయింది. "రెండోది వచ్చేదాకా ఆగుదామా?" అని అడిగాను. మిగతావాళ్ళు ఏమంటారోనని బెరుకుగానే అడిగాను. సైబీరియా అబ్బాయి, "ఆగుదాం తాతగారూ!" అన్నాడు. పడవాయన తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎండ ఎక్కింది. నేల వేడెక్కి గాలి పైకి లేచే వేళకు గూడబాతులు రెక్క ఆడించకుండానే చక్రాలు తిరుగుతూ ఆకాశంలోకి వెళ్ళిపోతాయి. అలా తిరుగుతున్నవాటిలో ఒకటి, కాళ్ళు ముందుకు చాచి, సరిగ్గా మా గూటి మీదే వాలింది. కూర్చున్నది లేచి చోటిచ్చింది.

నాకు కళ్ళు మసకలు కమ్మి, ఆ రెండో ఫోటో తీయలేకపోయాను.

మనుమరాలిని కైకలూరులో రైలెక్కించి, నేను ఏలూరు బస్సెక్కాను. ఆ దారి కొల్లేటి నడుమ నుంచే వెళుతుంది. అటూ ఇటూ గుర్రపుడెక్క, నీళ్ళు, చెరువులు. కొన్ని చెరువుల మీద పక్షులు దిగకుండా తాళ్ళు కట్టి ఉన్నాయి. చేపలు పెంచేవాడికి గూడబాతు దొంగే కదా! పక్షికి అది తెలియదు పాపం.

ఏలూరులో మా అత్తయ్య ఉన్నది. తొంభై దాటింది. కొడుకు దగ్గర ఉంటున్నది. మామయ్య పోయి చాలా కాలమయింది. నేను సంచి దించి, కెమెరా తీసి, వెనక ఉండే చిన్న అద్దంలో బొమ్మ చూపించాను. అత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసింది.

"పిల్ల బాగున్నదిరా. రెండోది ఏదీ?" అన్నది.

"రెండో పిల్లా? ఇదిగో, వెనకాల..."

"పిల్ల కాదురా. మేపే రెండోది."

"మేతకు వెళ్ళింది అత్తయ్యా. తరవాత వచ్చింది. నేను చూశాను. ఫోటో తీయలేకపోయాను."

"వచ్చిందిగా? చాల్లే," అన్నది అత్తయ్య, కెమెరా నా చేతికిస్తూ. "వెళ్ళి కాళ్ళు కడుక్కో. అన్నం తిందువుగాని."